‘నీ కాడ మ ఉన్నదా?’: మూడో తరగతిలో అక్షరాల కార్డుల ఆట, ఒక కేస్ స్టడీ

‘అ’ నుంచి ‘ఱ’ దాకా గుక్క తిప్పుకోకుండా వల్లెవేసే పిల్లలు, బోర్డు మీద విడిగా ఒక ‘ర’ రాసి ఇదేంటని అడిగితే ఆగిపోతారు. ప్రైమరీ స్కూల్లో పనిచేసే టీచర్లందరికీ తెలిసిన సంగతే ఇది. అలా ఆగినప్పుడు వాళ్ల పెదవుల్ని గమనించండి. ‘య ర ల వ’ అని లోలోపల అనుకుంటూ, ఆ వరుసలో ఈ బొమ్మ ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటారు. వరుస వచ్చు, అక్షరం రాదు. ఆ వెతుకులాట పోవడానికి మా బడిలో ఒక చిన్న కార్డుల ఆట వాడాం. దాన్ని ఎలా తయారుచేశాం, ఏ నియమం వల్ల ఫలితం వచ్చింది, ఎక్కడితో దాని పని అయిపోయింది అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. తోటి ఎస్‌జీటీలు (ప్రాథమిక తరగతుల టీచర్లు), ఇంట్లో పిల్లలకు తెలుగు నేర్పుకునే తల్లిదండ్రులు తమ అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

పిల్లలు, పరిస్థితి

నల్గొండ జిల్లా దేవరకొండ వైపు, చుట్టూ తండాలున్న ఊళ్లో మాది ఇద్దరు టీచర్ల బడి. కొవిడ్ వల్ల 2020 మార్చిలో మూతపడ్డ ప్రాథమిక తరగతులు మళ్లీ తెరుచుకున్నది 2021 సెప్టెంబర్‌లో. మధ్యలో టీవీ పాఠాలు వచ్చాయి గానీ అవి 3వ తరగతి నుంచి పైవాళ్లకే. అంటే బడి మూతపడేనాటికి ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు, రెండో తరగతి అంతా పాఠమన్నదే లేకుండా దాటేసి నేరుగా మూడో తరగతిలో వచ్చి కూర్చున్నారు. చేతిలోనేమో ఒత్తులు, సంయుక్తాక్షరాలు నిండిన మూడో తరగతి వాచకం. పిల్లలు మాత్రం ‘వ’కూ ‘మ’కూ తేడా దగ్గరే ఉన్నారు. పైగా సగం మందికి ఇంట్లో భాష లంబాడీ.

ఆట మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, వరుస కలిపేసిన అక్షరాలు చూపించి చదివించాను. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో అయిదు అక్షరాల్లో నాలుగు సరిగా చెబితే అక్షరాలు చదవగలిగినట్టు లెక్క. సర్వేకు అది చాలు. క్లాసులో మనకు కావాల్సింది పిల్లలు ఆ అక్షరాన్ని ఎలా చెప్పారన్నది. అందుకని ఒక్కో అక్షరానికి నాలుగు గడులు పెట్టుకున్నాను: చూడగానే చెప్పింది, వరుస తలుచుకుని చెప్పింది, తప్పు చెప్పింది, అసలేమీ చెప్పనిది. ఈ నాలుగు గడుల కాగితం వల్ల రెండు సంగతులు బయటపడ్డాయి. వరుస తలుచుకుని చెప్పే అక్షరాలే చాలామందికి ఎక్కువ. తప్పులేమో ఎక్కడపడితే అక్కడ లేవు. వ–మ, న–స, ద–డ, గ–శ, ప–ష, ఇలా జంటల చుట్టూనే తిరుగుతున్నాయి.

ఈ రాతలో ఇద్దరి సంగతి దగ్గరగా చెబుతాను. ఒకడు హుషారైన పిల్లవాడు. వల్లెవేయమంటే క్లాసులో వాడే ముందు, ‘ప ఫ బ భ మ’ రాగం తీసి మరీ చెబుతాడు. విడిగా ‘మ’ చూపిస్తే మళ్లీ ‘ప’ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. రెండో మనిషి తండా నుంచి వచ్చే పాప. క్లాసులో నోరు విప్పదు. నా కాగితంలో ఆ పాప పేరు ఎదురుగా దాదాపు అన్నీ ‘ఏమీ చెప్పని’ గడిలోనే ఉన్నాయి. రాకపోవడం వల్లో, భయం వల్లో ఆ కాగితం చెప్పలేదు.

తెలుగుకు తగ్గ కార్డులు

అక్షరాల కార్డులంటే మార్కెట్లో దొరికేవి ఎక్కువగా ఇంగ్లిష్‌వి. వాటిలో 26 అక్షరాలు, పెద్దబడి చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) జతచేస్తే ఆట అయిపోతుంది. అదే పద్ధతి తెలుగుకు దించితే కుదరదు. మనకు పెద్దబడి చిన్నబడి లేదు. వాచకాల్లో చూపించే 56 అక్షరాలకూ నాలుగేసి కార్డులు చేస్తే 224 అవుతాయి. ఆ కట్ట పిల్లల చేతిలో పట్టదు, ఆట తెమలదు.

కట్ట చిన్నదిగా ఉండాలి, అందులో ఉన్న అక్షరాలతో పదాలు పుట్టాలి. మొదటి కట్టకు ఆరక్షరాలు తీసుకున్నాం: గ, ర, ల, ద, ప, మ. ఒక్కోదానికి నాలుగు, మొత్తం 24 కార్డులు. గద, మర, పగ వీటితోనే వచ్చేస్తాయి. ఇవి గట్టిపడ్డాక వ, డ, న, ఆ తర్వాత స కలిపితే 10 అక్షరాలు, 40 కార్డులు. అప్పుడు పడవ, వరద, గడప, వల, నగ, సరస కూడా చేతికొస్తాయి. ఇందులో ఒక లెక్క ఉంది. పిల్లలు తడబడే జంటలో రెండూ ఒకేసారి కట్టలోకి రావు. ‘మ’ బాగా వచ్చాకే ‘వ’ వస్తుంది, ‘ద’ వచ్చాకే ‘డ’, ‘న’ వచ్చాకే ‘స’. రెండూ ఒకే రోజు పరిచయం చేస్తే రెండూ కలిసిపోతాయి.

‘ఙ’, ‘ఞ’లను పూర్తిగా పక్కన పెట్టాం. వాటితో మొదలయ్యే పదం పిల్లలకు ఒక్కటీ చెప్పలేం. ‘ణ’, ‘ళ’లు కూడా పదం మొదట్లో రావు గానీ బాణం, తాళం ఉన్నాయి కాబట్టి తర్వాతి కట్టకు ఉంచాం.

కార్డుకు మంచి అట్ట కావాలి. డ్రాయింగ్ చార్టు పల్చన, రెండు రోజులకే వంగిపోతుంది, పైగా వెనక నుంచి అక్షరం కనబడుతుంది. పాత పెళ్లి కార్డులు దీనికి బాగా సరిపోతాయి. ఏ ఇంట్లో అడిగినా కట్టలు కట్టలు ఇస్తారు. తొమ్మిది సెంటీమీటర్లు పొడవు, ఆరు సెంటీమీటర్లు వెడల్పు కత్తిరిస్తే పిల్లల చేతికి ఇముడుతుంది. అయితే వెనకవైపు అచ్చు అలాగే ఉంచకూడదు. వినాయకుడి తొండం ఉన్న ముక్క ‘ర’ అని, తమలపాకు అంచున్నది ‘గ’ అని పిల్లలు ఇట్టే పట్టేస్తారు. నోట్‌బుక్కులకు అట్టలేసే బ్రౌన్ పేపర్‌ను అన్నిటి వెనకా అంటిస్తే ఆ చిక్కు ఉండదు.

అక్షరాలన్నీ ఒకే నలుపు మార్కర్‌తో రాయాలి. రంగురంగులుగా రాస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ పిల్లలు గుర్తుపట్టేది రంగునే. కార్డు అడుగున ఒక గీత గీస్తే తలకిందులుగా పట్టుకోరు. పేకముక్కల్లాగా పైన మూలన కూడా చిన్నగా అక్షరం రాస్తే చేతిలో విసనకర్రలా పరిచి పట్టుకున్నప్పుడు సులువుగా కనిపిస్తుంది. ఒత్తక్షరాల (ఖ, ఘ లాంటి వాటి) కట్టకు మాత్రం ఈ మూల రాత వద్దు. ‘ర’, ‘ఠ’ల మధ్య తేడా పొట్టలో ఉన్న చుక్క ఒక్కటే, ‘ద’, ‘ధ’ల మధ్య తేడా కింద గీత ఒక్కటే. మూలన అంత చిన్నగా రాస్తే అవి కనబడవు.

ఒక అక్షరానికున్న నాలుగు కార్డులూ మొదట్లో ఒకేలా ఉంటాయి. పిల్లలకు ఆట అలవాటయ్యాక మార్చాం. ఒకటి చేతిరాత, ఒకటి న్యూస్‌పేపర్ హెడ్డింగ్‌లోంచి కత్తిరించి అంటించింది, ఒకటి బొమ్మ, ఒకటి ఆ అక్షరమున్న పదం. పేపర్ హెడ్డింగుల్లో ఒక్కోచోట ఒక్కో రకం అచ్చు ఉంటుంది. నా చేతిరాతలో ‘స’ గుర్తుపట్టిన పిల్లలు పేపర్ ‘స’ దగ్గర తటపటాయించారు. వాచకం, బస్సు బోర్డు, గోడమీద రాత, ఎక్కడ చూసినా అది ‘స’యే అని తెలియాలంటే ఈ దశ తప్పదు. బొమ్మలు కూడా పిల్లల చుట్టూ ఉన్నవే గీయించాం: గంప, పత్తి, బర్రె, డప్పు, రోలు, మామిడికాయ.

ఆట

నలుగురు కూర్చుంటారు. 24 కార్డుల కట్టయితే నాలుగేసి, 40 కార్డులదైతే అయిదేసి పంచి, మిగతావి మధ్యలో బోర్లా పెడతారు. తన వంతు వచ్చినవాళ్లు ఎవరినైనా ఒకరిని ఒక అక్షరం అడగాలి. తన చేతిలో ఇప్పటికే ఉన్న అక్షరాన్నే అడగాలి. ‘నీ కాడ మ ఉన్నదా?’ ఉంటే అవతలివాళ్లు ఉన్నవన్నీ ఇచ్చేయాలి, అడిగినవాళ్లకు ఇంకో వంతు వస్తుంది. లేకపోతే ‘నా కాడ లేదు, కట్టలో తీసుకో’ అంటారు. నాలుగూ కలిస్తే ‘జట్టు’. జట్టు కింద పెట్టేటప్పుడు ఆ అక్షరంతో ఒక పదం చెప్పాలి. కార్డులన్నీ అయిపోయేసరికి ఎవరికి ఎక్కువ జట్లుంటే వాళ్లు గెలిచినట్టు. చాలా దేశాల్లో పిల్లలు పేకముక్కలతో ఆడుకునే ఆటే ఇది, అంకెల బదులు అక్షరాలొచ్చాయి, అంతే.

ఈ ఆటలో మంచి గుణం ఏమిటంటే వరుసతో పని లేదు. చేతిలో నాలుగక్షరాలు ఏ క్రమమూ లేకుండా ఉంటాయి. ప్రతి వంతుకూ అక్షరాన్ని చూడాలి, పేరు బయటికి చెప్పాలి. అవతలివాళ్లు ఆ పేరు విని తమ చేతిలో బొమ్మ వెతకాలి. చూసి చెప్పడం, విని వెతకడం రెండూ ఒక్క ప్రశ్నలోనే అయిపోతాయి. తప్పు చెబితే దిద్దేది పక్కనున్న దోస్తే గానీ సార్ కాదు.

కానీ ఈ నియమాలు అక్షరాలు ఎంతో కొంత వచ్చినవాళ్లకే. అసలు పేరే తెలియని పిల్లలు ఏమని అడగాలి? అలాంటివాళ్లు రెండే పనులు చేస్తారు. తెలిసిన ఒక్క అక్షరాన్నే మళ్లీ మళ్లీ అడుగుతారు, లేదా వంతు వదిలేసుకుంటారు. రెండు సందర్భాల్లోనూ, ఎవరికి ఆట ఎక్కువ కావాలో వాళ్లే ఆటకు దూరమవుతారు.

అందుకే ఒక నియమం కలిపాం. పేరు తెలియకపోతే కార్డు తిప్పి చూపించి ‘ఇసొంటిది ఉన్నదా?’ అని అడగొచ్చు. అది తప్పు కాదు, దానికి శిక్ష లేదు, జట్టు విలువ తగ్గదు. అవతలివాళ్లు ఆ అక్షరం పేరు చెప్పి జవాబివ్వాలి: ‘మ నా కాడ ఉన్నది’ అనో, ‘మ నా కాడ లేదు’ అనో. అడిగినవాళ్లు ‘మ’ అని ఒకసారి పలికి కార్డు తీసుకోవాలి. చూపించి అడిగినవాళ్లకు నష్టం ఒక్కటే, తమ చేతిలో ఏముందో మిగతావాళ్లకు కనబడుతుంది. పేరు పెట్టి అడిగినా ఆ రహస్యం ఎలాగూ బయటపడేదే కాబట్టి అది నష్టమే కాదు.

నా దృష్టిలో ఈ ఆటకు ప్రాణం ఈ ఒక్క నియమమే. దీన్ని తీసేస్తే మిగిలేది వచ్చినవాళ్లు గెలిచే, రానివాళ్లు ఓడిపోయే ఇంకో పరీక్ష. పరీక్షలు మన పిల్లలకు కొదవేం లేదు.

ఆడుతుంటే కనిపించింది

మధ్యాహ్న భోజనం అయ్యాక పావుగంట, ఇరవై నిమిషాలు ఆడించేవాళ్లం. ఒక్కో గుంపులో కాస్త ముందున్నవాళ్లు ఒకరు ఉండేలా చూశాం, అంతా వెనకబడ్డవాళ్లే అయితే పేరు చెప్పేవాళ్లుండరు. నేను పక్కన కూర్చుని నాలుగు గడుల కాగితంలో రాసుకోవడమే తప్ప నోరు పెట్టలేదు. ఇది అనుకున్నంత సులువు కాదు. పిల్లలు ‘ద’ను ‘డ’ అంటుంటే మన నోరు ఊరుకోదు. కానీ ఒక్కసారి దిద్దితే ఆ తర్వాత ప్రతి వంతుకూ కార్డు చూసే ముందు మన మొహం చూస్తారు.

హుషారైన పిల్లవాడు మొదట్లో ఇబ్బంది పడ్డాడు. రాగం తీసుకోవడానికి టైం లేదు, మిగతా ముగ్గురూ ‘తొందరగా అడుగురా’ అని వెంటపడతారు. పెదవులు కదుపుతూ ‘ప ఫ బ భ’ అనుకునేలోపు పక్కవాడు వాడి చేతిలో కార్డు చూసి ‘మ’ అనేస్తాడు. వాడికది నచ్చలేదు. అలా అనిపించుకోకూడదని కార్డులు అందగానే, తన వంతు రాకముందే, ఒక్కోదాని పేరూ గొణుక్కుని పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పకుండా వాడు కనిపెట్టుకున్న సాధన అది. ఆ తర్వాత కాగితంలో వాడి అక్షరాలు ఒక్కొక్కటీ ‘వరుస తలుచుకుని’ గడి నుంచి ‘చూడగానే’ గడికి జరిగాయి. గమ్మత్తేమిటంటే ముందు జరిగినవి వర్గం చివర్లో ఉండే మ, న. వరుసలో ఎంత దూరం నడవాల్సొస్తే ఆ నడక మీద అంత విసుగు పుట్టి ఉంటుందని నా ఊహ.

తండా పాప సంగతి వేరు. చాలా రోజులు ఒక్క అక్షరం పేరూ తనంతట తాను అనలేదు. కార్డు చూపించడం, అవతలివాళ్లు చెప్పిన పేరు చిన్నగా పలకడం, తీసుకోవడం, అంతే. మాట్లాడకుండానే ఆట ఆడగలిగింది, గెలిచింది కూడా. నేను తొందరపెట్టలేదు. ‘వ’ను కట్టలో కలిపిన కొత్తలో పక్కనున్న పిల్లవాడు ‘మ ఉన్నదా?’ అని అడిగి, ఆ పాప ఇచ్చిన కార్డులతో జట్టు కింద పెట్టబోయాడు. వాటిలో ఒకటి వాడి చేతిలోదే, ‘వ’. పాప వేలు పెట్టి ఆ కార్డు పక్కకు జరిపి, ‘ఇది వ. మకు పక్కన తోక ఉంటది’ అంది. గొడవైంది. వాడు ఒప్పుకోలేదు. ఇద్దరూ కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఆ రోజు నుంచి ఆ పాప పేరు పెట్టి అడగడం మొదలైంది. మొదటి పరీక్షలో మౌనానికి కారణం భయమే ఎక్కువని, కొన్ని అక్షరాలు ముందునుంచే వచ్చి ఉంటాయని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఒత్తక్షరాల కట్ట వచ్చినప్పుడు ఈ పాపే ఇంకో దారి చూపించింది. ఖ, ఘ, ఝ, ఢ లాంటివి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు రోజువారీ మాటల్లో పెద్దగా వినబడవు. ‘ఘ’ జట్టు పెడుతూ పదం చెప్పమంటే వాళ్లు వాచకంలోని ‘ఘటం’ దగ్గర ఆగుతారు, ఘటమంటే ఏమిటో తెలియదు. లంబాడీలో ఈ ఒత్తు శబ్దాలు నోట్లో నానే మాటల్లోనే ఉన్నాయి. ఇంటిని ఘర్ అంటారు. ఆ పాప ‘ఘ... ఘర్’ అని జట్టు పెట్టింది. ‘అది తెలుగు కాదు’ అని అడ్డుపడ్డవాళ్లకు, ఏ భాష మాటైనా చెల్లుతుందని చెప్పాను. ఆ తర్వాత ఒత్తక్షరాల కట్టలో తండా పిల్లలే మిగతావాళ్లకు ‘గ’కూ ‘ఘ’కూ తేడా పలికి వినిపించారు. తెలుగు క్లాసులో వాళ్లది పైచేయి కావడం అదే మొదటిసారి.

‘బడిల పేకాటా?’

ఈ ఆట పెట్టే టీచర్లందరూ ఎదుర్కోవాల్సిన ప్రశ్న ఇది. మన ఊళ్లల్లో ముక్కలంటే పేకాట, పేకాటంటే ఇల్లు గుల్ల, పోలీసులు. పిల్లలు ఇంటికెళ్లి ‘సార్ ముక్కలాట ఆడిస్తుండు’ అని చెబితే పెద్దవాళ్లకు కోపం రావడం న్యాయమే. మా ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) సమావేశంలో ఒక పెద్దాయన లేచి ‘ఏంది సారూ, బడిల పేకాట నేర్పిస్తున్నరా?’ అని నిలదీశాడు. మాటలతో సర్దిచెప్పకుండా కార్డులు తెచ్చి, వచ్చినవాళ్లలో నలుగురిని కూర్చోబెట్టి ఆడించాం. చదువు రాని తల్లులు ‘ఇసొంటిది ఉన్నదా?’ అని చూపించి ఆడారు, పిల్లలు వెనక నిలబడి పేర్లు అందించారు. పెద్దాయన ఆ పూటకు ఊరుకున్నాడు. మాట మాత్రం ఒకటి తీసుకున్నాడు: పిల్లలు పందెం కట్టకూడదు. అది సరైన మాటే. అప్పటిదాకా పిల్లలు జట్టుకో చింతపిక్క చొప్పున లెక్కపెట్టుకునేవాళ్లు, దాన్ని ఆపేసి జట్లనే లెక్కపెట్టమన్నాం. కార్డుల్ని మేం కూడా ‘ముక్కలు’ అనడం మానేసి ‘అక్షరాల అట్టలు’ అనడం అలవాటు చేసుకున్నాం.

ఎక్కడిదాకా పనికొచ్చింది

అక్షరాలు చూడగానే చెప్పడం దాకా ఈ ఆట బాగా పనిచేసింది. హుషారైన పిల్లవాడు, తండా పాప ఇద్దరూ మూడో తరగతి అయ్యేలోపు ఆడిన అక్షరాలన్నీ తడుముకోకుండా చెప్పారు. అక్కడి నుంచి చదవడం దానంతటదే రాలేదు. పిల్లవాడు ‘పడవ’ను ‘ప... డ... వ’ అని మూడు ముక్కలుగా చదివి, ఏమిటది అంటే మొహం చూసేవాడు. అక్షరాలు కలిపి పలకడం వేరే పని, దానికి పదాలు, చిన్న వాక్యాలు గట్టిగా చదివించడమే దారి. రాయడానికి కూడా ఆట సాయం చేయదు. పలక మీద దిద్దాల్సిందే.

గుణింతాల దగ్గర కార్డుల పద్ధతే మారాలి. ‘క’ ఒక అట్ట, గుడి ఒక అట్ట చేసి పక్కపక్కన పెడితే ‘కి’ రాదు. గుడి వచ్చినప్పుడు తలకట్టు పోతుంది. ‘జ’, ‘ట’, ‘బ’ లాంటి వాటికి అసలు తలకట్టే లేదు. కొమ్ము ఒక్కో అక్షరానికి ఒక్కోచోట అతుక్కుంటుంది. గుర్తు అక్షరంలో కలిసిపోయే లిపి మనది, విడి భాగాలుగా కోస్తే పిల్లలు లేని ఆకారాన్ని నేర్చుకుంటారు. అందుకని క, కా, కి, కీ అని పూర్తి రూపాలే రాసి, ఒకే అక్షరం నాలుగు గుణింతాలను జట్టుగా పెట్టించాం. అడిగేటప్పుడు ‘కి ఉన్నదా?’ అని కచ్చితంగా చెప్పాలి, ‘కీ’ ఇస్తే చెల్లదు. హ్రస్వం, దీర్ఘం తేడా చెవికి పట్టడానికి ఇది పనికొచ్చింది. ఒత్వం, ఓత్వం దగ్గర మాత్రం గందరగోళం పూర్తిగా పోలేదు, ముఖ్యంగా మొ, యొ లాంటి వాటిల్లో.

ఇప్పుడు ఒత్తుల కట్ట తయారవుతోంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు మూల అక్షరంతో పోలిక కనబడదు కాబట్టి జట్టులో ఒకటి అక్షరం, ఒకటి దాని ఒత్తు, ఒకటి ఆ ఒత్తున్న పదం, ఒకటి ఆ పదానికి బొమ్మ. అత్త, అన్న, అమ్మ, పళ్లు, చక్రం దొరికాయి. ‘య’ ఒత్తుకు పిల్లలకు తెలిసిన, బొమ్మ గీయగలిగిన పదం కోసం వెతుకుతుంటే నాలుగో తరగతి పిల్లలు ‘సూర్యుడు’ తెచ్చారు. బొమ్మ కూడా వాళ్లే గీశారు.